కుంచెలో మిగిలిన కాటుక

మా ఎండుమొక్కల భాండాగారంలో వ్యాను నడుపుతూ అందరినీ తిట్టుకునే నేను, దాన్ని చూసుకునే పెద్దమ్మ నముకోలోగారిని మాత్రం తిట్టలేను.

మడుగుగడ్డి వెన్నుల్లో గింజలకు బదులు నల్లపొడి నింపే ఒక కాటుక తెగులు మా దగ్గర ఒక్క కవరులోనే మిగిలింది. అది దొరికిన మడుగు ఎప్పుడో చెరకుతోటలో కలిసిపోయింది. కొత్తగా చేరిన ముబిత ఆ పొడిని మసి అనుకుని శుభ్రంగా దులిపేశాడు.

"చూడండమ్మా, గడ్డి ఎలా మెరుస్తోందో!" అని నముకోలోగారికి చూపించాడు.

"రాజుగారిని ఏట్లోకి తోసి, పడవ కడిగావు కదరా!" అన్నాను.

సంగతి అర్థమై ముబిత మొహం పాలిపోయింది. నముకోలోగారు కేకలెయ్యలేదు.

"ఏ కుంచెతో దులిపావు నాయనా?"

"ఇవాళే విప్పిన కొత్తదమ్మా."

ఆమె ఫ్యాను ఆపించి, ఊపిరి బిగబట్టి, తెల్లకాగితం మీద కుంచెను వేలితో మెల్లగా తట్టారు. కంటికి పెట్టుకునేంత నల్లపొడి రాలింది. దాన్ని పొట్లం కట్టి, పైన 'కుంచె నుంచి తీసినది' అని రాశారు.

"దులిపిందెవరో రాయరా అమ్మా?" అని అడిగాను.

"తెగులు దొరికింది కదా, ఇంకెవరు కావాలి?" అని పొట్లం ముబిత చేతికే ఇచ్చి, బీరువాలో పెట్టమన్నారు.

నేనైతే వాడి పేరు రాసి, కింద రెండు గీతలు గీసేవాణ్ణి.