కాల్చని చెరకు

నాన్న చేతిలో అగ్గిపెట్టె చూడగానే ముంగి చెరకు తోట గట్టు మీదికి పరుగెత్తింది. ఇంట్లో అందరూ ఆమెను పిలిచే పేరది. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు మరి.

చెరకు కొట్టే ముందు తోటకు నిప్పు పెట్టడం వాళ్లకు అలవాటు. ఎండాకు కాలిపోతే కొట్టేవాళ్ల చేతులు కోసుకుపోవు, పాముల భయం ఉండదు, పైగా పురుగు చస్తుందని నాన్న నమ్మకం. పోయినేడూ అలాగే కాల్చారు. తీరా కొట్టిన మోడుల నుంచే తిరిగి మొలిచే కార్శి పంట పిలకలు లేచాక సగానికి సగం నడిమి మొవ్వులు ఎండిపోయాయి. పట్టి లాగితే ఊడి చేతికొచ్చి కంపు కొట్టాయి. మోటారు గది పక్కన, గాలి తిరగబడి నిప్పంటని నాలుగు సాళ్లు మాత్రం పచ్చగా నిలిచాయి. ముంగి రోజూ అక్కడ కూర్చుని ఎండాకు ఎత్తి చూసేది. కింద సాలీళ్లు, చీమలు, తోకన పట్టకారులాంటి కొండీలున్న నల్లటి పురుగులు. ఆ నల్ల పురుగొకటి, మొవ్వు తొలిచే పురుగు గుడ్లను వరసపెట్టి తినేయడం ఆమె కళ్లారా చూసింది.

ఇప్పుడు కాలిస్తే అవన్నీ బూడిదే. కార్శి మళ్లీ పోయినట్టే.

"నాన్నా, ఆగు." గొంతు ఆమెకే వినబడలేదు. "ఆగు నాన్నా!"

చెరకు కొట్టడానికి వచ్చినవాళ్లంతా తిరిగి చూశారు.

"అమ్మో, ముంగికి మాటలొచ్చాయే!" అని ఎవరో నవ్వారు.

నవ్వులు వినబడుతున్నా ఆమె ఆపలేదు. "పోయినేడు కాల్చాం కదా. పురుగు పక్క తోటల నుంచి ఎగిరొచ్చేసింది. దాన్ని తినేవే మళ్లీ రాలేదు. నిప్పంటని సాళ్లు నువ్వూ చూశావుగా!"

"చూశాను గానీ, కాల్చని తోటలో ఎవరు దిగుతారే?"

"నీ సాలీళ్ల కోసం మా చేతులు చీరుకోవాలా తల్లీ?" అంది ఒకామె.

ఆ మాటా నిజమేనని ముంగికీ తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొట్టేవాళ్ల ముఠాకు పెద్ద, ముంగి మేనత్తే. అత్త తలగుడ్డ బిగించి ముందుకొచ్చింది. "పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట అడిగింది. కాదంటే ఇంకో పదేళ్లు నోరు తెరవదు. పాత చొక్కాలు తేరా తమ్ముడూ, నిండు చేతులవి. కర్రతో తట్టుకుంటూ పోతే పాములు వాటంతటవే తప్పుకుంటాయి. ముందు సాలు నేను పడతాను."

నాన్న అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

"నేనూ వస్తానత్తా," అంది ముంగి. ఆకు దూసి సాళ్ల మధ్య పరిచే పని ఆమెకిచ్చారు.

రెండు రోజుల్లో తేలే పని నాలుగు రోజులు పట్టింది. అత్త చొక్కా చేతులు పీలికలయ్యాయి. మణికట్ల నిండా ఎర్రటి గీతలు.

కొన్ని వారాలకు కార్శి లేచింది. నాన్న సాలు వెంబడి వంగి నడుస్తూ మొవ్వులు లాగి చూశాడు. ఎండినవి లేకపోలేదు, సాలుకు ఒకటో రెండో. మిగతావి బిగిసి నిలబడ్డాయి.

"మా పిల్ల నోరు విప్పితే ఇలా ఉంటుంది," అన్నాడు ఎదురైన ప్రతివాళ్లతో.

ఆ సాయంత్రం ముంగి కొబ్బరి నూనె గిన్నె పట్టుకుని అత్త ఇంటికి వెళ్లింది. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూడబలుక్కుంది. గుమ్మం దగ్గరికి రాగానే అన్నీ ఎగిరిపోయాయి. అత్త ఎదురుగా కూర్చుని, ఆమె చెయ్యి ఒళ్లోకి తీసుకుని, గీతల మచ్చల మీద నూనె రాయసాగింది.

"ఎప్పుడో మానిపోయాయే పిచ్చిదానా, ఇప్పుడెందుకూ?" అంది అత్త, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోకుండా.

ముంగి రెండో చెయ్యి అందుకుంది.