ఆరో బెడ్డు, తొమ్మిదో బెడ్డు

ఆ ప్రసూతి వార్డులో పెద్ద సిస్టర్‌ని చాటున అందరూ వడగళ్ళ సిస్టర్ అనేవారు. ఆమె మాటలు అలాగే పడేవి. గొడుగు తెరిచేలోపు కురిసి వెలిసిపోయేవి. బిడ్డకు పాలెలా పట్టాలో, కుట్లు తడవకుండా స్నానమెలా చేయాలో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఒక్క ఊపిరిలో చెప్పేసి, "అర్థమైంది కదా?" అంటూనే పక్క బెడ్డుకు వెళ్ళిపోయేది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. హస్తవాసి మంచిది, మనసు ఇంకా మంచిది. తాను చెప్పేసిందంటే అవతలివాళ్ళకు అందినట్టేనని మాత్రం గట్టిగా నమ్మేది.

ఆ వార్డులోకి ఒక దర్జీ కాన్పుకొచ్చింది. పాతికేళ్ళుంటాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకు చెవులు వినపడవు, మాట రాదు. ఒక చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుట్టేది. మిషను ముందు కూర్చుని ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. భుజాన ఉన్న పని సంచి దించకుండానే ఆసుపత్రికి వచ్చేసింది. మర్నాడు పొద్దున మగపిల్లవాడు పుట్టాడు. భర్త లారీ డ్రైవరు. సరుకుతో దూరం వెళ్ళాడు, తిరిగొచ్చేసరికి నాలుగు రోజులు పడుతుంది. తోడుగా ఆడపడుచు ఉంది. వదిన కాపురానికొచ్చిన ఏడాదిలోనే పట్టుబట్టి ఆమె చేతుల భాష నేర్చుకున్న పిల్ల. డాక్టర్లేం చెప్పినా ఆ పిల్ల వేళ్ళతో వదినకు చెప్పేది, వదిన అడిగింది నోటితో డాక్టర్లను అడిగేది.

మూడో రోజు పొద్దున పిల్లల డాక్టరు రౌండుకొచ్చి, దర్జీ కొడుకు ఒంట్లో కాస్త పచ్చదనం కనిపిస్తోందనీ, కామెర్లు ఎంతున్నాయో చూడాలనీ రక్తపరీక్ష రాసింది. తొమ్మిదో బెడ్డులో ఉన్న స్కూలు టీచరు కూతురికి కూడా అదే పరీక్ష రాసింది. ఎనిమిదిన్నరకు ఇద్దరి మడమల నుంచీ రక్తం తీసి ల్యాబుకు పంపారు. అప్పటికి దర్జీది ఆరో బెడ్డు.

పది దాటాక పెద్ద సిస్టర్‌కు ఒక ఆలోచన వచ్చింది. టీచరుకు ఆపరేషన్ అయింది, బాత్రూముకు అంత దూరం నడవలేక పళ్ళ బిగువున అడుగులు వేస్తోంది. ఆరో బెడ్డేమో బాత్రూము పక్కనే ఉంది. ఇద్దరినీ ఒప్పించి బెడ్లు మార్పించింది. దర్జీకి కిటికీ పక్క తొమ్మిదో బెడ్డు దొరికింది. ఈ మార్పు సంగతి వార్డంతా వినేలా చెప్పింది కూడా. కొత్తగా చేరిన చిన్న సిస్టర్ ఆ సమయంలో కాన్పుగదిలో ఉంది. చార్టుల మీద పాత నెంబర్లు కొట్టేసి కొత్తవి వేశారు గానీ, ల్యాబుకు ఎవరూ చెప్పలేదు.

ఒంటిగంటకు ల్యాబు నుంచి ఫోనొచ్చింది. చిన్న సిస్టర్ ఎత్తింది. ఆరో బెడ్డు బిడ్డకు పదిహేడు, తొమ్మిదో బెడ్డు బిడ్డకు ఎనిమిది అన్నారు. రాసుకుంది. పదిహేడంటే ఎక్కువే కాబట్టి వెంటనే పెద్ద సిస్టర్‌కు చెప్పింది. ఇద్దరూ కలిసి ఆరో బెడ్డు బిడ్డను, అంటే టీచరు కూతురిని, కళ్ళకు గంతలు కట్టి, కామెర్లు తగ్గించే నీలం లైటు కింద పడుకోబెట్టారు. టీచరు ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆమెను ఓదార్చడంలో ఒక గంట గడిచిపోయింది.

ఆడపడుచు స్నానం చేసి అన్నం తెస్తానని ఇంటికి వెళ్ళింది. తొమ్మిదో బెడ్డు మీద దర్జీ ఒక్కతే కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్ద సిస్టర్ అటుగా వెళ్తుంటే కొంగు పట్టి ఆపి, బిడ్డ పొట్ట చూపించింది. పెద్ద సిస్టర్ చార్టు చూసింది. ఎనిమిది. భయమేం లేదనీ, చాలామంది పిల్లలకు ఇలా వచ్చి పోతుందనీ, పాలు బాగా పట్టమనీ గబగబా చెప్పి, చెంప నిమిరి వెళ్ళిపోయింది. దర్జీ ఆమె పెదాలనే చూస్తూ ఉండిపోయింది. అంత వేగంగా కదిలే పెదాల్లో ఆమెకు ఒక్క మాటా దొరకలేదు.

రెండింటికి డ్యూటీలు మారతాయి. బల్ల దగ్గర దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు గుమిగూడారు. పెద్ద సిస్టర్ రిజిస్టరు తెరిచి అప్పగింతలు మొదలుపెట్టింది. ఏడో బెడ్డు దగ్గరికి వచ్చేసరికి రిజిస్టరు మీద ఒక అట్ట వచ్చి పడింది.

తలెత్తి చూస్తే దర్జీ. పచ్చి బాలింత, ఒక చేత్తో బిడ్డను పొదువుకుని వార్డు ఆ చివర నుంచి నడిచొచ్చింది. చెమటలు పట్టి ఉంది. ఆ అట్ట దారాల రంగులు చూసుకునేది. కార్ఖానాలో గుడ్డకు తగ్గ దారం ఎంచుకోడానికి వాడతారు. దాని మీద వరసగా అతికించిన పసుపు దారాల్లో మూడింటి పక్కన పెన్నుతో రాసి ఉంది. నిన్న పొద్దున, నిన్న సాయంత్రం, ఇవాళ.

ఒక నర్సు విసుగ్గా ఆమెను బెడ్డుకు తీసుకెళ్ళమని ఆయమ్మను పిలవబోయింది. దర్జీ కదల్లేదు. బల్ల మీదే బిడ్డ గుడ్డలు విప్పి, కిటికీ వెలుతురులో ఆ అట్టను వాడి గుండె పక్కన పెట్టింది. మూడో దారానికీ చర్మానికీ తేడా లేదు. పచ్చదనం పొట్ట దాటి తొడల దాకా దిగింది. తర్వాత పెన్ను తీసుకుని రిజిస్టరు అంచున రాసింది.

"పాలకు లేవట్లేదు. పొద్దున్నించి రెండుసార్లే తాగాడు. నిన్న ఇలా లేడు."

పెద్ద సిస్టర్ బిడ్డ గుండె మీద వేలితో నొక్కి తీసింది. వేలి కిందంతా పసుపే. అరికాలు మీద చిటికె వేసింది. వాడు ఏడవలేదు, కాలు నెమ్మదిగా ముడుచుకుని మళ్ళీ నిద్రలోకి జారిపోయాడు.

ఆమె చిన్న సిస్టర్ వైపు తిరిగి, రిజల్టు పేరుతో చెప్పారా, బెడ్డు నెంబరుతో చెప్పారా అని అడిగింది. నెంబరుతోనే అంది ఆ పిల్ల. శాంపిళ్ళు తీసిందెప్పుడు? ఎనిమిదిన్నరకు.

"బెడ్లు మార్చింది పది దాటాక," అంది పెద్ద సిస్టర్, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

బెడ్లు మారాయని తనకు తెలియదంది చిన్న సిస్టర్.

పెద్ద సిస్టర్ ల్యాబుకు ఫోన్ చేసింది. నెంబర్లు వద్దు, తల్లుల పేర్లు చదవమంది. వాళ్ళు చదివింది తను మళ్ళీ చదివి వినిపించి, అవునని అనిపించుకుంది. పదిహేడు దర్జీ కొడుకుది. ఎనిమిది టీచరు కూతురిది.

పిల్లల డాక్టరు మెట్లెక్కి పరుగున వచ్చింది. ఇద్దరికీ మళ్ళీ రక్తం తీయించింది. కొత్త లెక్క వచ్చేదాకా ఆగకుండా దర్జీ కొడుకును లైటు కింద పెట్టించింది. ఈసారి పద్దెనిమిది దాటింది. తల్లి రక్తం గ్రూపుకూ బిడ్డ గ్రూపుకూ పడకపోవడం వల్ల త్వరగా పెరుగుతోందట. రాత్రి దాకా ఇలాగే వదిలేసి ఉంటే బిడ్డకు రక్తమే మార్చాల్సి వచ్చేదని డాక్టరు అంది.

టీచరుకు సంగతంతా పెద్ద సిస్టరే చెప్పింది. ఆమెకు ముందు కోపమొచ్చింది. రావలసిందే. తన పిల్లను గుండెకు హత్తుకుంది. చివరికి, ఆ బాబుకు ఎలా ఉందని అడిగింది.

అప్పటికి ఆడపడుచు అన్నం క్యారేజీతో తిరిగొచ్చింది. కామెర్లు మరీ పెరిగితే మెదడుకు ప్రమాదమనీ, వినికిడి కూడా దెబ్బతినవచ్చనీ డాక్టరు చెప్పింది. ఆడపడుచు ఆ చివరి మాట చెప్పలేక వేళ్ళు ముడుచుకుంది. దాచకుండా చెప్పమని దర్జీ ఆమె చేతులు పట్టుకుని విప్పింది. తెలిశాక కొడుకు వైపు చూసి, నెమ్మదిగా చేతులు కదిలించింది.

"మా అమ్మ చెప్పేది, నేను కూడా ఇలాగే పచ్చగా పుట్టానట," అంది ఆడపడుచు, వదిన చేతుల్ని చదువుతూ. "మా అమ్మ అందరికీ చూపించిందట, ఎవరూ పట్టించుకోలేదట. అందుకేనా నాకు చెవులు పోయింది?"

అయి ఉండవచ్చు, కాకపోనూవచ్చు, ఇన్నేళ్ళ తర్వాత చెప్పలేమంది డాక్టరు. దర్జీ తలూపి, ఇంకో మాట చెప్పింది. ఆడపడుచు దాన్ని నోటితో చెప్పింది.

"చెవులు లేకపోయినా నేను బాగానే బతికాను. అదేం చావు కాదు. కానీ వాడికి దక్కాల్సింది, ఎవరూ వినిపించుకోనందుకు ఎందుకు పోవాలి అంటోంది."

పెద్ద సిస్టర్ ఆ మాటకు అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. డ్యూటీ దిగి రెండు గంటలయినా ఇంటికి వెళ్ళలేదు. ఆడపడుచును పక్కకు పిలిచి, తప్పయింది క్షమించమని చేతులతో ఎలా చెప్పాలో అడిగింది. రెండుసార్లు చేసి చూసుకుని, దర్జీ ముందుకెళ్ళి చెప్పింది. దర్జీ ముందు తెల్లబోయింది, తర్వాత పెదవి కొరుక్కుంది.

"మీరు ఉప్పు కావాలన్నారు సిస్టర్," అంది ఆడపడుచు నవ్వాపుకుంటూ.

దర్జీ ఆమె చేయి అందుకుని, వంకరగా పెట్టిన వేలు సరిచేసి, మణికట్టు కాస్త తిప్పి, మళ్ళీ చెప్పించింది. ఆ తర్వాత చేయి వదల్లేదు. నీలం వెలుగులో నిద్రపోతున్న బిడ్డ పక్కన ఇద్దరూ అలా కూర్చున్నారు.

మర్నాటికి కామెర్ల లెక్క పదమూడుకు దిగింది. ఆ పైరోజు పదికి. పాలకు వాడే లేచి గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు వార్డంతా విని సంతోషించింది. తల్లి మాత్రం వాడి ముడుచుకున్న పిడికిళ్ళు, ఎర్రబడ్డ ముఖం చూసి నవ్వుకుంది.

ఆ వారంలోనే డాక్టరు అందరినీ పిలిచి, ఫోన్ ఎవరెత్తారని అడిగింది. చిన్న సిస్టర్ లేచి నిలబడబోయింది. పెద్ద సిస్టర్ ఆమె భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది.

"ఎత్తింది ఈ పిల్లే మేడమ్. బెడ్లు మార్చి ల్యాబుకు చెప్పంది నేను. తల్లి నా కొంగు పట్టుకుని చూపిస్తే సరిగ్గా చూడంది కూడా నేనే. ఒక్కరి మీద పెట్టేస్తే రేపు ఇంకొకరి చేతిలో ఇదే జరుగుతుంది."

అందరూ కలిసి కొన్ని పద్ధతులు పెట్టుకున్నారు. రిజల్టు పేరుతోనే తీసుకోవాలి, విన్నది తిరిగి చదివి వినిపించాలి. అప్పగింతలు బల్ల దగ్గర కాదు, ఒక్కో తల్లి బెడ్డు దగ్గరే జరగాలి. చివర్లో ఆ తల్లిని, మీకేం కనిపిస్తోందని అడగాలి, అడిగి ఆగాలి. ఆ ఆగడమే పెద్ద సిస్టర్‌కు ఒళ్ళు వంగని పని. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు పెద్దలు. మొదట్లో ఆమె నాలుక కొరుక్కుని, మనసులో పది లెక్కపెట్టేది. డ్యూటీలు పావుగంట ఆలస్యమవుతున్నాయని సణుగుళ్ళు రాకపోలేదు. రెండో వారంలో ఒక బాలింత, పెద్ద సిస్టర్ తొమ్మిది లెక్కపెట్టేదాకా ఊరుకుని, తల పగిలిపోతోందనీ కళ్ళముందు మిణుగురులు తిరుగుతున్నాయనీ సిగ్గుపడుతూ చెప్పింది. చూస్తే బీపీ ఆకాశంలో ఉంది. వేళకు మందు పడింది, ఆమె పిల్లతో క్షేమంగా ఇంటికెళ్ళింది. ఆ తర్వాత సణుగుళ్ళు తగ్గాయి.

ఆరు వారాలకు దర్జీ కొడుకు వినికిడి పరీక్షకు వచ్చాడు. ఈసారి తండ్రి కూడా వచ్చాడు, బండ మనిషి, బిడ్డను గాజుగిన్నెలా పట్టుకున్నాడు. పెద్ద సిస్టర్ వాళ్ళతోపాటు గది బయట నిలబడింది. రెండు చెవులూ బాగున్నాయని లోపలి నుంచి చెప్పారు. తండ్రి గోడకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

దర్జీ సంతోషించింది, కానీ ముఖంలో ఏదో మిగిలిపోయింది. పెద్ద సిస్టర్ ఇప్పుడు ఆగడం నేర్చుకుంది కనుక ఆగింది. అప్పుడు అడిగింది దర్జీ. వీడికి వినపడుతుంది, నాకేమో మాట లేదు, మరి వీడు నాకు పరాయివాడైపోడా?

ఆడపడుచు చెప్పి ముగించేలోపే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాటలు నేను నేర్పుతాను, తక్కినవన్నీ నువ్వు నేర్పు వదినా అంది. పెద్ద సిస్టర్ బిడ్డను తండ్రి చేతుల్లోంచి తీసుకుని, తల్లికి ఎదురుగా పట్టుకుంది.

దర్జీ వాడికేదో చెప్పింది, రెండు చేతులతో, చాలా నెమ్మదిగా. వాడు కాళ్ళాడించడం మాని, ఆ వేళ్ళు ఎటు వెళ్తే అటు కళ్ళు తిప్పుతూ చూశాడు.