పత్తిచేల మీద నడిచిన జాన్‌బీ

పర్చూరుకి నాలుగు మైళ్ల అవతల ఉన్న ఆ ఊళ్లో, పరుపులు కుట్టే పీరు ఇంట్లో పొద్దున్నే విల్లు మోగేది. దూది ఏకే విల్లు. ఇదివరకు పీరే ఏకేవాడు. దూదిదుమ్ముకి దగ్గు పట్టుకున్నాక అది కూతురు జాన్‌బీ చేతికొచ్చింది. దూలానికి వేలాడే విల్లుని ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేతిలోని కొయ్యతో దానికి బిగించిన నరపు తాడుని కొడితే ‘టంయ్’మని మోగి, గడ్డకట్టిన పాత దూది రేకులు రేకులుగా విడిపోయి గదంతా ఎగిరేది. ముక్కుకి గుడ్డ కట్టుకుని మధ్యాహ్నం దాకా ఆమెకి అదే పని. ఇరవయ్యారేళ్లొచ్చాయి. ఎవరైనా పెళ్లి మాటెత్తితే, "నాయన దగ్గు తగ్గనీండి" అనేది.

ఎనభై నాలుగులో, పత్తి పగిలే రోజుల్లో, ఊళ్లో రేకుల హాలుకి చైనా సినిమా వచ్చింది. ఆ భాష ఎవరికీ రాదు కాబట్టి సినిమాతో పాటు గుంటూరు నుంచి ఖాజావలి అనే మనిషి కూడా వచ్చాడు. పొద్దున పూట రిక్షాలో మైకు పెట్టుకుని, "నేడే చూడండి!" అంటూ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. మ్యాట్నీ వేళకి తెర పక్కన స్టూలేసుకుని, అదే మైకులో కథంతా తెలుగులో చెప్పేవాడు. చైనా భాష అతనికీ రాదు. వాళ్ల మొహాలు చూసి, తనకి ఏది తోస్తే అది చెప్పేవాడు.

మైకు చేతిలో ఉంటే అతనంత మాటకారి లేడు. మైకు పక్కన పెడితే మాత్రం, టీలో పంచదార తక్కువైందని చెప్పడానికి కూడా నోరు పెగిలేది కాదు. ఒకరోజు చిరిగిన తలగడ పట్టుకుని పీరు ఇంటికొచ్చాడు. జాన్‌బీ దానిలో దూది మళ్లీ ఏకి, కుట్టి ఇచ్చింది. అతను ఏదో చెప్పబోయి, చెప్పలేక, మ్యాట్నీ పాసొకటి అరుగు మీద పెట్టి గబగబా వెళ్లిపోయాడు.

జాన్‌బీ వెళ్లింది.

తెర మీద వెదురుతోపు. ఎర్ర పట్టుబట్టల్లో ఒక అమ్మాయి, తెల్ల అంగరఖాలో ఒక మనిషి. ఇద్దరూ కత్తులు దూసి వెదురు కొసల మీద నిలబడ్డారు. వాళ్ల బరువుకి వెదురు విల్లులా వంగుతోంది, మళ్లీ మెల్లగా లేచి వాళ్లని ఆకాశంలోకి విసురుతోంది. ఆమె పొడుగాటి చేతుల బట్ట గాలిలో ఏరులా పారుతోంది. కత్తికి కత్తి తగులుతోంది గాని, చేతికి చెయ్యి ఎప్పుడూ తగలడం లేదు. ఇద్దరి మధ్యా మంచు రాలుతోంది. ఆ మంచుని చూస్తే జాన్‌బీకి తన గదే గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ దుమ్మనుకుని ముక్కు మూసుకున్నది ఇంత అందంగా ఉంటుందా అనిపించింది.

"ఓడిపోదామనే వస్తాను రోజూ," అన్నాడు తెల్లబట్టల మనిషి, ఖాజావలి గొంతుతో. "నువ్వే ఓడనివ్వడం లేదు."

హాల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

మర్నాడు పొద్దున విల్లు పట్టుకుని మూడో దెబ్బ వెయ్యగానే జాన్‌బీ కాళ్లు నేల మీంచి జానెడు లేచాయి. పీరు తలెత్తి చూశాడు.

"కాస్త కిందికి దిగి కొట్టమ్మాయ్. మూలల్లో దూది మిగిలిపోతోంది," అన్నాడు.

వారం తిరిగేసరికి ఆమె పత్తిచెట్ల కొసల మీద నడిచేది. కొత్త దూదికోసం చేలకి వెళ్లినప్పుడు గట్లెమ్మట చుట్టూ తిరగాల్సిన పని లేకపోయింది. పైట గాలికి తేలుతుంటే, విచ్చిన కాయల మీద పాదం ఆనించి, ఒక్కో అడుగూ వేస్తూ ఆ తెల్లదనమంతా దాటిపోయేది. దూరాన కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రచీర పరిచినట్టు కనిపించేవి. కింద పత్తి తీస్తున్న కొండమ్మ కేకేసేది:

"పూత రాలుస్తావేమో, చూసి నడువమ్మా!"

"రాల్చను పిన్నీ!"

సినిమా అయిదుసార్లు చూసింది. చూసినప్పుడల్లా మాటలు మారేవి. అయిదోసారి వెదురు కొస మీది మనిషి కత్తి దించి, "వినుకొండ వెళ్లిపోతావటగా?" అని అడిగాడు.

జాన్‌బీ తెర మీంచి చూపు తిప్పి స్టూలు వైపు చూసింది. వినుకొండలో పరుపుల కొట్టు ఉన్న గౌస్ బాషా ఆ శుక్రవారం పెళ్లిచూపులకి వస్తానని కబురుపెట్టిన మాట నిజం. వంక పెట్టడానికి లేని మనిషి. కాదనడానికి పీరుకి కారణమేదీ కనపడలేదు.

తెర మీద ఆ అమ్మాయి పెదాలు కదిలాయి. ఖాజావలి ఎంతసేపటికీ ఏమీ చెప్పలేదు. జనం గోల చేశారు. చివరికి, "ఆవిడ ఏమందో నాకు తెలియదు," అని మైకు కిందపెట్టేశాడు.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. రెండు రోజులు వదలకుండా కురిసింది. ఆటలు ఆగిపోయాయి. గురువారం తెరిపిచ్చాక జాన్‌బీ, తడిసిన పత్తి ఏమైందోనని చేలకి వెళ్లొచ్చింది. గుమ్మంలో పీరు కూచుని ఉన్నాడు.

"సినిమా అబ్బాయి వెళ్లిపోతున్నాడమ్మా. ఫిలిం బాక్సు పట్టుకుని బుడే రిక్షాలో పర్చూరు పోయి, గుంటూరు బస్సెక్కుతాడట. ఇక్కడికొచ్చి చాలాసేపు నిలబడ్డాడు. నువ్వు లేవన్నాను. ఏమీ అనకుండానే పోయాడు."

జాన్‌బీ దారి వైపు చూసింది. నల్లరేగడి. మోకాలి లోతు బురద. వేసిన అడుగు తీయాలంటే పావుగంట పట్టేలా ఉంది.

"నాయనా, రేపు వినుకొండవాళ్లొస్తే ఏం చెబుతావు?"

పీరు దగ్గు ఆపుకుని కూతురి మొహం చూశాడు. "నువ్వేం చెప్పమంటే అదేనమ్మా."

ఆమె పెరటిగోడ ఎక్కి, అక్కణ్ణించి చేలోకి అడుగేసింది. కడిగిన ఆకాశం కింద పత్తి మెరుస్తోంది. ఆమె నడవలేదు, పరిగెత్తింది. కొమ్మ వంగి లేచినప్పుడల్లా నాలుగు సాళ్లు దాటింది. ఆకుల మీది నీళ్లు చినుకులై వెనకే ఎగిరాయి. పైట విడిపోయి ఏరులా పారింది. "మెల్లగా తల్లీ!" అని ఎవరో అన్నారు.

మైలు దూరంలో రిక్షా ఇరుసు దాకా దిగబడి ఉంది. బుడే ఎడ్లకోసం పోయాడు. ఖాజావలి ఒక్కడే, ఫిలిం బాక్సు తడవకుండా నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. జాన్‌బీ గట్టు పక్క ఆఖరి చెట్టు మీద ఆగింది. కాసేపు ఊపిరి తీసుకుంది.

"ఆ రోజు ఆవిడ ఏమందో తెలియదన్నారుగా?"

అతను తలూపాడు.

"పోనంది. వినుకొండ పోనంది."

ఖాజావలి బాక్సు మెల్లగా రిక్షాలో దించాడు.

"నాకు ఇల్లు కూడా లేదండి," అన్నాడు. ఆ గొంతు మైకులో వినపడే గొంతు కాదు. సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది. "ఊరూరూ తిరిగేవాణ్ణి."

"ఇల్లు నాకుంది. నాయన ఉన్నాడు. చేతిలో పనుంది. మధ్యాహ్నం దాకా ఆ విల్లు మోతే గాని, మాట్లాడే మనిషి లేడు."

కింద బురద నల్లగా నిగనిగలాడుతోంది. జాన్‌బీ దానివైపు చూసింది. తర్వాత చెట్టు మీంచి కాలు దించింది. తేలలేదు. చల్లటి రేగడి పాదాన్ని, పిక్కని, మోకాలిని గట్టిగా పట్టుకుంది. అన్ని రోజుల తర్వాత తన బరువు తనకి తెలిసింది. పడబోయింది. ఖాజావలి చెయ్యందించాడు.

బుడే ఎడ్లతో వచ్చి రిక్షాని లాగించుకుని, బాక్సు ఒక్కటీ తీసుకెళ్లి బస్సెక్కించాడు. జాన్‌బీ, ఖాజావలి వెనక్కి బయల్దేరారు. బురదలోంచి ఒకరి కాలు ఒకరు లాగుతూ ఆ మైలు నడిచేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె మళ్లీ గాలిలోకి లేవలేదు. ఎందుకని చేలో ఎవరూ అడగనూ లేదు.

దారి పొడుగునా ఖాజావలి మాట్లాడుతూనే ఉన్నాడు.