ఎల్లారెడ్డి అరముద్ర

జరగండమ్మా, జరగండి. ముసలోళ్లకు గోడ వారగా చోటియ్యండి. రాజన్న స్వామికి మనసులో ఒక దండం పెట్టుకోండి, మొదలుపెడుతున్నా.

కామారెడ్డిలో విమలమ్మకు పొద్దంతా కుట్టుమిషన్, మాపటికి ఆల్బం. బస్సెక్కితే చాలు, డీజిల్ వాసనకు కడుపులో పేగులు బయటికొచ్చేవి. అందుకే ఊర్ల బొమ్మ ముద్రలు పోగుచేసేది. కవరు మీద తన అడ్రసు రాసి, స్టాంపు అంటించి, కోటో పాత గుడో ఉన్న చిన్న ఊరి పోస్టాఫీసుకు పంపేది. స్టాంపు మీద ఆ ఊరి బొమ్మ ముద్ర పడి కవరు తిరిగొచ్చేది. దాని మీద అరచేయి ఆనించి కండ్లు మూసుకుంటే విమలమ్మ ఆ ఊర్లో తేలేది. పని కాగానే మళ్లీ మిషన్ ముందర ఉండేది.

వాడకట్టుకు అది మంచి సౌలతు. "విమలమ్మా, ఆ గుడికి పోయినప్పుడు నా పేరన గూడ ఒకటి కొట్టు," అని రాములవ్వ కొబ్బరికాయ ఇచ్చిపోయేది. చిప్ప ప్రసాదమై తిరిగొచ్చేది, ఇంకా తడిగానే.

ఎల్లారెడ్డికి మాత్రం బొమ్మ ముద్ర లేదు. ఉత్త గుండ్రటి ముద్ర మీద ఎంతసేపు చేయి పెట్టినా మనిషి కదిలేది కాదు. చెల్లె భూదేవి ఉండేదేమో అక్కడే. భూదేవి భర్త పోయిన నాడు విమలమ్మ తన మరిది భీమేష్ ఆటోలో బయలుదేరి, ఊరు దాటకముందే వాంతులతో సొమ్మసిల్లింది.

"ఊరోళ్ల కొబ్బరికాయలకు దేశం తిరుగుతవు. నా మొగడు పోతే ఎల్లారెడ్డి దూరమైందా?" అని భూదేవి ఫోన్ పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు. ఎవరికీ తలుపు తీస్తలేదని, తలకు దువ్వెన కూడా పెడ్తలేదని తెలిసి విమలమ్మకు ముద్ద దిగలేదు.

ఇంతలో ఎల్లారెడ్డిలో ఒక్కరోజు కోసం పోచారం చెరువు కట్ట బొమ్మతో ముద్ర వేస్తున్నారని కబురొచ్చింది. ఆత్రంలో విమలమ్మ స్టాంపును మరీ కవరు అంచుకు అంటించింది. భీమేష్ పోయి ముద్ర వేయించుకొచ్చాడు. కట్ట సగం కవరు మీద, సగం గాల్లో.

"గిన్నేండ్ల సంది అంటిస్తున్నవు, గిప్పుడేంది వదినా గిట్ల జేసినవ్? సగమే పడ్డది."

"సగమైతే సగమే పోత," అని విమలమ్మ ఒక చేత వెచ్చబెట్టిన నూనెగిన్నె పట్టి, రెండో చేయి ఆనించింది.

మోచేతుల దాకా చేతులే పోయాయి.

ఎల్లారెడ్డిలో, మూసిన తలుపు వెనుక, భూదేవి మాడు మీద గోరువెచ్చని నూనె పడింది. రెండు చేతులు మెల్లగా చిక్కులు తీశాయి. కత్తెర పట్టి కాయ కాసిన బొటనవేలు చెవికి తగలగానే ఆమె గుర్తుపట్టింది. జడ అయ్యాక వెళ్లబోతున్న చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

కామారెడ్డిలో భీమేష్ చాయ్ కప్పు వదిన నోటికందించాడు. "చేతులింక రాలేదేంది వదినా?"

"పట్టుకున్నది రా. ఇడుస్తలేదు," అని విమలమ్మ ఏడుస్తూనే నవ్వింది.

తెల్లారి భూదేవి కామారెడ్డిలో బస్సు దిగింది, ఆ చేతుల్ని కొంగులో చుట్టి పొదివి పట్టుకుని. ఆడమనిషి చేతులే కదా అని కండక్టర్ ఆమెకొకటి, చేతులకొకటి, ఆడోళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు రెండు కొట్టాడు.

"ఇగో, నీ చేతులు. పాపట వంకర తీసినయి అక్కా!"

"కండ్లు ఈడుంటే వంకర రాదానే? కూసో, సక్కగ తీస్త."

భూదేవి ఆ చేతుల్ని అక్క మోచేతులకు అతికించి, ముందర కూర్చుంది. ఇప్పుడు ఆ ఇంట్లో రెండు మిషన్లు నడుస్తున్నాయి.

విన్నారు కదా తల్లులారా. ముద్రల సంగతి మరిచినా ఫర్వాలేదు. తలుపేసుకున్న మనిషి తలకు నూనె రాసిన ఆ చేతుల్ని మాత్రం మరవకండి. ఇంటికి పోయాక మీ పక్కన ఎవరి తల చిక్కుపడి ఉందో చూసి, కాస్త నూనె వెచ్చబెట్టండి. ఆ రాజన్న మీ వేళ్లలోకి తానే వస్తాడు.