మొండి కనుపాప

మా ఆయనను ఫొటోకు కూర్చోబెట్టాలంటే నాకు తలప్రాణం తోకకు వస్తుంది. పేరుకు ఇంట్లోనే ఫొటో స్టూడియో ఉంది, నడిపేది కట్టుకున్న పెళ్లాం. అయినా బడిలో గుర్తింపు కార్డుకు ఫొటో ఇవ్వడానికి నెలల తరబడి అడిగించుకున్నాడు. ఆ బడిలో ఆయన తోటమాలి. ఆ రోజు మధ్యాహ్నం చొక్కాకు అంటిన మట్టి కూడా దులుపుకోకుండా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"తొందరగా కానియ్. కుండీలకి నీళ్లు పొయ్యాలి."

ఫొటో తీసి, కంప్యూటర్‌లో ముఖం పెద్దది చేశాను. పొద్దస్తమానం నా పని అదే. ముక్కు మీద మెరుపు తగ్గించడం, కళ్లలో పడ్డ లైటు చుక్క సరిచేయడం. వీధిలో మొగుళ్ల కళ్లు వాళ్ల పెళ్లాలకన్నా నాకే బాగా తెలుసని నా గొప్ప. అలాంటిది మా ఆయన కళ్ల దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కుడి కంట్లో నల్లగుడ్డు మధ్యన కనుపాప మిరియపు గింజంత ఉంది. ఎడమ కంట్లో మాత్రం అది నల్లగుడ్డును దాదాపు మింగేసింది.

ముందు లైటును తిట్టాను. దాన్ని అటు జరిపి, ఇటు జరిపి, తిన్నగా ముఖం మీదికి తిప్పి చూశాను. ఆ వెలుతురుకు ఎంతటివాడి కనుపాపయినా ముడుచుకోవాల్సిందే. కుడిది ముడుచుకుంది. ఎడమది కదల్లేదు.

"ఏవండీ, ఈ కన్నెలా ఉంది?"

"నువ్విలా లైటు పెట్టి చంపుతుంటే ఎలా ఉంటుంది? ఇందాకట్నించీ కాస్త మసగ్గా ఉందిలే. నలక పడిందేమో."

ఆయన అక్కకు ఫోన్ చేశాను. వదిన ధైర్యం చెబుతుందనుకుంటే ఉన్న ధైర్యాన్ని కూడా ఊడగొట్టింది.

"అమ్మాయ్! నాన్నకీ ఇలాగే ఒక కంటిపాప పెద్దదైందే. తలలో నరం చిట్లి, సాయంత్రానికల్లా..." అంటూ భోరుమంది.

మా మామగారు పోయేనాటికి నేనింకా ఆ ఇంటి కోడల్ని కాలేదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. షట్టరు దించి, కుండీలు కుండీలు అని గొణుగుతున్న మనిషిని దొరికిన బండి ఎక్కించి, కంటి ఆసుపత్రికి లాక్కుపోయాను.

కళ్లజోడు నెత్తి మీదికి తోసుకున్న పెద్దావిడ అక్కడి డాక్టరు. టార్చి వేసి చూసింది, వేలు ఆడిస్తూ అటూ ఇటూ చూడమంది.

"రెప్ప వాలలేదు. గుడ్డు అన్ని వైపులకీ తిరుగుతోంది. తలనొప్పి కూడా లేదంటున్నారు. ఇవన్నీ మంచివే. కానీ వాళ్ల నాన్నగారి సంగతి విన్నాక స్కానింగ్ తియ్యకుండా వదల్లేను. ఆ గది ఖాళీ అయ్యేలోపు రెండు కళ్లలో ఓ చుక్క వేసి చూద్దాం."

"ఏం చుక్కండీ అది?"

"కనుపాప అంటే వస్తువు కాదమ్మా, కన్నం. వెలుతురు లోపలికి పోయే దారి. దాని చుట్టూ ఉంగరంలా కండరం ఉంటుంది. వెలుతురెక్కువైతే ముడుచుకోమని మెదడు నరంతో కబురంపుతుంది. తలలో రక్తనాళం ఉబ్బి ఆ నరాన్ని నొక్కేసిందనుకో, కబురందదు. కన్నం తెరుచుకునే ఉంటుంది. ఈ చుక్క నరంతో పని లేకుండా నేరుగా కండరానికే చెబుతుంది. అప్పుడు ముడుచుకుందంటే కండరం బాగానే ఉంది, తేడా నరంలో ఉందన్నమాట."

"ముడుచుకోకపోతే?"

"కండరానికే ఏ మందో విషమో తగిలి మొద్దుబారినట్టు. అదైతే దానంతటదే దిగిపోతుంది, భయం లేదు."

రెండు కళ్లలో చుక్కలు వేయించుకుని బయట బల్ల మీద కూర్చున్నాం. అంటే ఆ కన్ను బాగుపడకూడదు! మామూలుగా ఈ మనిషి ఒంట్లో నా మాట వినేది ఏదీ లేదు. ఆ ఒక్క పూటా ఆ మొండితనమే కావాలని కనపడని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. కుడి కనుపాప చూస్తుండగానే సూది మొనంత అయిపోయింది. నేను ఎడమదాన్ని వదలకుండా చూస్తున్నాను.

"అలా గుచ్చి గుచ్చి చూడకు. అందరూ మనల్నే చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరు నోరు మూసుకుని కన్ను తెరవండి."

ఒకసారి అది చిన్నదైనట్టే అనిపించింది. ముఖం మీదికి వంగి చూస్తే అంతే ఉంది. నా చూపే చెదిరింది.

కాసేపటికి ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "ఫోన్లో అక్క అన్నది వినపడింది. నాకేమన్నా అయితే..."

"అయితే గియితే అన్నారంటే ఇక్కడే తంతాను."

డాక్టరమ్మ వచ్చి మళ్లీ టార్చి వేసింది. ఒక కన్ను, ఇంకో కన్ను, మళ్లీ మొదటి కన్ను. చివరికి నవ్వింది.

"ఇది ఇసుమంత కూడా కదల్లేదు. ఇవాళ చేత్తో ఏం ముట్టుకున్నావు నాయనా?"

"ఆటస్థలం గోడ వెనక ఉమ్మెత్త మొక్కలు లేచాయండీ. పిల్లలు ఆ కాయలు ఎక్కడ నోట్లో పెట్టుకుంటారోనని పీకేశాను. చెమట కారుతుంటే ఇదిగో, ఇలా..." అంటూ చూపించబోయాడు.

ఆవిడ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. "ముందు సబ్బుతో కడుక్కో. రెండోది కూడా పెద్దది చేసుకోకు. ఉమ్మెత్త రసం తగిలిన కన్ను ఇలాగే మొండికేస్తుంది. స్కానింగ్ అక్కర్లేదు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. కంట్లో కటకాన్ని సర్దే కండరం కూడా మొద్దుబారింది కాబట్టి, అప్పటిదాకా ఆ కంటికి దగ్గరివి మసగ్గా ఉంటాయి, దూరానివే కనపడతాయి. రేపొకసారి వచ్చి చూపించు."

నెత్తి మీంచి బస్తా దించినట్టయింది. ఆయన చేతులు కడుక్కుని రాగానే మాత్రం దులిపేశాను. బడివాళ్లు చేతులకు తొడుగులు ఇచ్చింది ఎందుకు, గూట్లో పెట్టి పూజ చెయ్యడానికా? నలకట, నలక!

ఆయన కుడి కన్ను చేత్తో మూసుకుని, నా ముఖంలోకి ముఖం పెట్టాడు.

"అరుపులైతే వినపడుతున్నాయి. మనిషే ఆనడం లేదు. ప్రాణం హాయిగా ఉందే!"

ఈ మనిషితో నాకెందుకని విసవిసా నడిచి, వరండా చివరిదాకా వెళ్లిపోయాను. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూశాను. కుడి కన్ను మూసుకున్న చెయ్యి ఇంకా తియ్యలేదు.

"ఆ, ఇప్పుడు కనపడుతున్నావు."

"ఎలా ఉన్నానేం?" అని అక్కణ్నించే అరిచాను.

"ఏడుస్తున్నావు," అన్నాడు. కాసేపు అలాగే చూసి, రెండో చెయ్యి చాపాడు. "ఇటొచ్చెయ్. దగ్గరికొస్తే కనపడదులే."