చూడామణి ఇంట్లో ఖవ్వాలీ

చూడామణి విజయనగరంలో పిల్లలకి వయొలిన్ నేర్పుతుంది. 2016 వేసవిలో దర్గా దగ్గర లాల్ మహమ్మద్ అనే ముసలాయన పాడిన ఖవ్వాలీ విని, మర్నాడే వెళ్లి, "మా ఇంట్లో ఒకసారి పాడతారా?" అని అడిగింది. ముసలాయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆమె తమ్ముడు దత్తాత్రేయ మాత్రం మండిపడ్డాడు.

"తాతగారు దేవుడి కీర్తనలు పాడిన ఇల్లిది. వాళ్లు గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతాను."

ఆమె లెక్కచెయ్యలేదు.

గురువారం సాయంత్రం ముందుగదిలో పట్టుమని పదిహేనుమంది లేరు. లాల్ మహమ్మద్ హార్మోనియం, కొడుకు జిలానీ ఢోలక్. గుమ్మం పక్కన గురమ్మ కూర్చుంది. చేపలమ్మే మనిషి. మొగుడు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రానప్పటి నుంచి లాల్ మహమ్మద్ ఎక్కడ పాడితే అక్కడికి వెళ్లి, కళ్లు తుడుచుకుంటూ వింటుంది.

పాట పైకి లేచింది. చప్పట్లు జోరందుకున్నాయి. చూడామణికి ఒళ్లు ఝల్లుమంది. అంతలో తలుపు ధడేల్మని తెరుచుకుంది. దత్తాత్రేయ, వెనక ముగ్గురు, చేతుల్లో ఇనప రాడ్లు.

"ఆపండ్రా!"

మొదటి దెబ్బకి హార్మోనియం పగిలింది. రెండోది ముసలాయన భుజం మీద పడింది. మూడో దెబ్బకి జిలానీ చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు ఫట్‌మంది. జనం గోడలకి అతుక్కుపోయారు. దత్తాత్రేయ మళ్లీ రాడ్డెత్తేసరికి గురమ్మ వెనకనుంచి జుట్టు పట్టి వంచేసింది.

"ముసలోడిని సంపేస్తావేటిరా?"

వాడు మోచేత్తో ఆమె మూతి పగలగొట్టాడు. నోటినిండా రక్తం. అయినా జుట్టు వదల్లేదు.

చూడామణి మూలనున్న ఇత్తడి దీపపు సెమ్మె అందుకుంది.

"అక్కా, నువ్వు..." అంటూండగానే తమ్ముడి మోకాలి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. వాడు కూలబడి అరుస్తున్నా చెయ్యి ఆగలేదు. తక్కిన ముగ్గురూ పారిపోయారు. గురమ్మే ఆమె చెయ్యి పట్టుకుంది.

"సాలమ్మా, సాలు. ఇంక లెగడు."

పోలీస్ స్టేషన్లో ఎస్సై రాజీ పడమన్నాడు.

"వాడు వీళ్లని కొట్టాడు. నేను వాణ్ణి కొట్టాను. రెండూ రాసుకోండి," అంది చూడామణి.

"మీ మీదా కేసవుతుందమ్మా."

"అవనీండి."

గురమ్మ వాచిన పెదాలతో ముందుకొచ్చింది. "నాను సూసినాను బాబూ. నా పేరు కూడా రాయి."

జిలానీ చెయ్యి అతుక్కుంది గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. దత్తాత్రేయ కుంటుతాడు. కోర్టులో అక్క ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు.

ఒక వాయిదారోజు లాల్ మహమ్మద్ కోర్టు వరండాలో ఆమె పక్కన కూర్చుని మెల్లిగా అడిగాడు. "తమ్ముడి కాలు ఎలా ఉందమ్మా?"

ఇన్ని నెలల్లోనూ ఏడవని చూడామణి, అందరూ చూస్తుండగా భోరుమంది.