తలకాయ లేని బర్రె బొమ్మ

మృగశిర కార్తెలో మొదటి వాన పడిన సాయంత్రం మా చంద్రి ఇంటికి రాలేదు.

చంద్రి మా బర్రె. పుట్టింది ఇచ్చోడ దిక్కు. అమ్మిన ఆయన సగం మరాఠీ, సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. కొమ్ములు నెలవంకలా ఉన్నాయని ఆ పేరు ఆయన పెట్టిందే. అది ఈని అప్పటికి ఇరవై రోజులైంది. కొట్టంలో దాని దుడ్డె, అదే ఆడదూడ, మెడ సాచి వాకిలి వైపు చూస్తూ అరుస్తోంది.

మాది లక్సెట్టిపేటకు దగ్గర్లో, గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఊరి బర్లన్నింటినీ కొండల్ తోలుకుపోయి ఏటి ఒడ్డున మేపుతాడు. ఆ రోజు తడిసి ముద్దయి, తువ్వాల పిండుకుంటూ మా గడప ముందు నిలబడ్డాడు.

"అత్తా, పిడుగు పడ్డది. బర్లన్ని తలోదిక్కు ఉరికినయి. అన్ని దొర్కినయి గని మీ చంద్రి ఒక్కటే కనవడతలేదు. ఏట్ల దిగిందేమో."

"పచ్చి బాలెంత బర్రెను గంత దూరం ఎందుకు తోల్కపోయినవ్ రా?"

"నువ్వే గదనే తోలుమన్నవ్! ఇంట్ల కట్టేస్తే మేస్తలేదంటివి."

అన్నాను, నిజమే.

మర్నాడు తెల్లవారగానే నా కొడుకు సంపత్ బండి మీద ఏటి ఒడ్డంతా తిరిగొచ్చాడు. కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు, ఫోన్లో గ్రూపులన్నింటిలో పెట్టాడు. అందరిదీ ఒకటే మాట, ఫోటో పెట్టమని. ఫోటో ఎక్కడిది? తీయనివ్వని దాన్ని నేనే.

మా అత్త ఉన్న రోజుల్లో మాకొక బర్రె ఉండేది. పూటకు నాలుగు సేర్ల పాలు. మా ఆడబిడ్డ పెళ్లికి వచ్చిన ఫోటోల అతను, రీలు మిగిలిందని, దానిక్కూడా ఒక ఫోటో తీశాడు. వారం తిరక్కుండా ఆ బర్రె పాలు సగానికి దిగాయి. దిష్టి అని మా అత్త మూడు రోజులు ఆ ఫోటోల అతన్ని తిట్టింది. అప్పటి నుంచి పాలిచ్చే బర్రె దగ్గర ఎవరు ఫోన్ ఎత్తినా నేను చీపురు ఎత్తుతాను. పోనీ, సర్కారు వాళ్లు చెవికి వేసిన పసుపు నంబరు బిళ్ల అయినా ఉందా అంటే, అది పోయిన ఏడే కంపలో చిక్కి ఊడిపోయింది.

ఫోటో లేకపోయేసరికి ఎవరికి తోచిన బర్రెను వాళ్లు చూపించారు. ఒకాయన మాటమీద సంపత్ మంచిర్యాల దాకా పోయి వచ్చాడు.

"దొరికిందా బిడ్డా?" అని ఎదురుపోయాను.

"దొరికింది. దున్నపోతు."

ఇక్కడ దుడ్డె ఏం పెట్టినా తాగడం లేదు. పక్కింటి పాలు సీసాలో పోసి రబ్బరు తొడిగి నోట్లో పెడితే నాలుకతో నెట్టేసేది. ఒళ్లో పడుకోబెట్టుకుని వేలితో చుక్క చుక్క నాకించాను. మూడో రోజు పొద్దునకు అరవడం మానేసింది. బర్రె పోతే ఇంకో బర్రె వస్తుందేమో గానీ, దీనికి ఇంకో తల్లి రాదు కదా. ఇది కళ్లు మూయకముందు అది రావాలి. నాకు కావలసింది అంతే.

అప్పుడే నా మనవరాలు భవ్యశ్రీ బడి సంచిలోంచి పుస్తకం తీసింది. అయిదో తరగతి.

"నానమ్మా, ఫోటో లేకుంటే బొమ్మ పెడదాం. మా సారు నేర్పిండు. ఏ జంతువైనా గుండ్రాలు, డబ్బాలు, మూడుమూలలు, గింతే."

"బర్రె గూడనా?"

"ఏనుగే ఐతది, బర్రె ఎంత!"

పడుకోబెట్టిన కోడిగుడ్డు ఒకటి గీసింది. దాని ముందు చిన్న గుండ్రం, కింద నాలుగు నిలువు డబ్బాలు, పైన రెండు మూడుమూలల చెవులు.

"నీళ్ల డ్రమ్ముకు కాళ్లు మొలిచినట్టున్నది," అన్నాను. "గీ చెవులు కుక్కవి. చంద్రి గిట్ల జూస్తే నిన్ను తన్నుతది."

"ఐతె నువ్వే గియ్యి!" అని పెన్సిల్ నా చేతిలో పెట్టింది.

రెండో తరగతిలో పలక పగిలిన రోజే నా చదువు ఆగిపోయింది. ఈ చేత్తో నాట్లు వేశాను, బీడీలు చుట్టాను, పిడకలు కొట్టాను. పెన్సిల్ మాత్రం చేపపిల్లలా జారిపోయింది.

"గట్టిగ ఒత్తకు నానమ్మా, ఇరుగుతది. ముందుగాల అన్నిట్ల పెద్దది ఏందో చూడు. అది గుండ్రమా, గుడ్డా, డబ్బానా? అది గీసినంక దానికి ఏం అంటుకున్నదో చూడు."

నాలుగు కాగితాలు ఖరాబు చేశాను. ఒకటి గుమ్మడికాయ, ఒకటి చెప్పు, మిగతా రెండు ఏమిటో నాకే తెలియదు. పిల్ల పెన్సిల్ చెక్కి మళ్లీ ఇచ్చింది. చివరికి నేల మీద, పాలు పితకడానికి కూర్చున్నట్టే, గొంతుక్కూర్చున్నాను. మోకాళ్ల మధ్య చెంబు ఉందనుకుని కళ్లు మూసుకున్నాను. చేతికి దారి దొరికింది.

అన్నింటికన్నా పెద్దది పొట్ట, అది గుడ్డు. దానికి కుడి కొసన తుంటి ఎముక, అది మూడుమూల. దాని కిందికి తొడ వెడల్పు డబ్బా, కాలు సన్న డబ్బా. తోక ఒక తాడు, కింద కుచ్చు. నడుమ పొదుగు, బోర్లించిన కుండలా. దానికి నాలుగు చన్నులు, మూడు నా బొటనవేలంత లావు. ఇటు ముందుదొకటి సన్నగా, పక్కకు తిరిగి ఉంటుంది, దాని ధార చెంబులో పడక నా మోకాలు తడుపుతుంది. అంతలో కాగితం అయిపోయింది.

భవ్య తల అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "తలకాయేది?"

"తలకాయ కుడితి తొట్లె ఉంటది గాదె! పొద్దున, మాపున నాకు కనవడేది గింతే."

సంపత్ ఆ బొమ్మ చూసి తల పట్టుకున్నాడు. "అవ్వా, ఇది పెడితే ఇజ్జత్ పోతది. తలకాయ లేని బర్రె యాడనన్న ఉంటదా?"

"ఇంకో కాయితం మీద తలకాయ గీసి అతికిద్దాం బాపూ," అంది భవ్య.

"వద్దు బిడ్డా, టైమ్ లేదు," అన్నాను. "గట్లనే పెట్టు. గా దుడ్డెను చూడుర్రి ఒకసారి."

వాడు చూశాడు. బొమ్మను ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టేశాడు.

పెట్టిన తర్వాత ఎగతాళి మొదలైంది. సంపత్ ఒక్కొక్కటి చదువుతూ పళ్లు కొరికాడు. "గిది బర్రెనా, చాయ్ కెటిలా?" "తలకాయ దొర్కితే మేం ఫోన్ చేస్తం." "కటిక దుకాణంల అడుగుర్రి." అయితే ఒకటి జరిగింది. ఉత్త మాటలు పెట్టినప్పుడు ఎవరూ పక్కవాడికి పంపలేదు. ఇప్పుడు నవ్వుకోవడానికి అందరూ పంపుకున్నారు. మధ్యాహ్నానికి నా బొమ్మ ఏరు దాటి కరీంనగర్ దిక్కుకు పోయింది.

పొద్దు ఇంకా వాలలేదు, ఫోన్ మోగింది. "తలకాయ లేని బర్రె మీదేనా?" అని ఆడమనిషి గొంతు. సంపత్ తిక్కగా కట్ చేశాడు. మళ్లీ మోగితే నేను లాక్కున్నాను.

"అక్కా, నేను నవ్వతందుకు జెయ్యలే. నా పేరు అనసూర్య. ధర్మపురి దిక్కు మాది. మొన్నటి సంది ఏటి ఒడ్డున మా బర్లల్ల ఓ పరాయి బర్రె కలిసింది. పొదుగు రాయి లెక్క ఐంది. పాపమని పిండవోతే తంతది. నా మోకాలు చూస్తే నీకే ఏడుపొస్తది."

"ఏ దిక్కు కూసున్నవ్ చెల్లే?"

"మా ఇంట్ల అందరం కూసునే దిక్కే, కుడి దిక్కు. ఇప్పుడు మా కోడలు నీ బొమ్మ చూపిచ్చి పడి పడి నవ్వుతుంది. నాకు నవ్వు రాలే. తోక కుడిచేతి దిక్కున్నది. అంటె గీసినామె ఎడమ దిక్కు కూసుంటది అనుకున్న. పోయి ఎడమ దిక్కు కూసున్న. చెవు గూడ కదపలే అక్కా!"

మా కొట్టంలో కుడి పక్కన గోడ ఉంటుంది. అందుకే మూడేళ్లుగా నేను ఎడమ పక్కనే కూర్చుంటాను. చంద్రికి ఇంకో పక్క మనిషి కూర్చుంటాడని తెలియదు.

"మోకాలు తడిసిందా?" అని అడిగాను.

"మోకాలా? మొఖమే తడిసింది! గా ముందటి సన్ను యాడికో చూస్తది గద, మెల్లకన్ను లెక్క!"

"మా చంద్రే!" అని ఫోన్లోనే అరిచాను. భవ్య పరుగెత్తుకొచ్చింది.

చంద్రిని తోలుకొచ్చేదాకా దుడ్డె ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. అందుకని దుడ్డెనే ట్రాలీ ఆటోలో ఎక్కించాం. గోనెసంచి పరిచి, దాని తల నా ఒళ్లో పెట్టుకుని, వంతెన మీదుగా పోయాం. దారి పొడుగునా దాని పక్కటెముకల మీద చెయ్యి ఆనించి, ఎగురుతున్నాయా లేదా చూసుకున్నాను. భవ్య పాల సీసా పట్టుకుని పక్కనే కూర్చుంది.

అనసూర్య నడివయసు మనిషి, మోకాలికి పసుపు పట్టు వేసుకుంది. వాకిట్లో కట్టేసిన చంద్రి దుడ్డె వాసన పసిగట్టి పలుపు తెంపుకునేంత పని చేసింది. ఇద్దరం చెరో పక్కన దుడ్డెను ఎత్తి నిలబెట్టాం. చన్ను నోట్లో పెడితే పాలు పెదవుల మీదుగా కారిపోయాయి. రెండోసారీ కారిపోయాయి. మూడోసారి గొంతు కదిలింది.

"తాగుతుంది నానమ్మా!" అని భవ్య అరిచింది.

"గట్టిగ అనకు బిడ్డా, దిష్టి తగుల్తది," అంది అనసూర్య. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకుని నవ్వాం.

కొంచెం తాగి దుడ్డె కూలబడింది. మళ్లీ ఎత్తాం, మళ్లీ తాగింది. మధ్యలో అనసూర్య చాయ్ తెచ్చి పక్కన కూర్చుంది. "బిడ్డా, నాకు గూడ నేర్పవా? మా అత్త గూడ బర్లకు ఫోటో తియ్యనియ్యది."

భవ్య తడి మట్టి మీద పుల్లతో పెద్ద గుడ్డు గీసి పుల్ల ఆమెకిచ్చింది. "ముందుగాల పెద్దది చూడాలె పెద్దమ్మా. తర్వాత దానికేం అంటుకున్నదో చూడాలె." అనసూర్య గుడ్డు కింద గీసిన మొదటి గీతే వంకర పోయింది. "చెరిపేసి మళ్ల గియ్యి, ఏంగాదు," అన్నాను నేను, నాలుగు కాగితాలు ఖరాబు చేసినదాన్ని.

సంపత్ వాన మబ్బు వైపు చూసి, "ఇగ ఎక్కిద్దాం అవ్వా, చీకటి పడకముందె వంతెన దాటాలె," అని ఆటో స్టార్ట్ చేశాడు.

ఆ చప్పుడుకి దుడ్డె ముందుకాళ్లు మడిచి, ముక్కు నేలకు ఆనించి, వెనక నడుము పైకెత్తింది. ఎవరూ పట్టుకోలేదు. ఒకసారి పక్కకు ఒరిగింది, నిలదొక్కుకుంది. నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి, తల్లి పొట్ట కిందికి తూలుకుంటూ పోయి, పొదుగును ముట్టెతో ఒక్క పోటు పొడిచింది.

సంపత్ ఆటో ఆపేశాడు.